మూడు పైసల మనిషి: మన డేటాకి రేటు కట్టిన కథ

ఒక మాటతో మొదలుపెడతాను. మీరూ అని ఉంటారు, మా ఇంట్లో కూడా అంటారు. "నా డేటాతో వాళ్లేం చేసుకుంటారు, తీసుకుంటే తీసుకోనీ." కొత్త యాప్ వేసుకుంటాం. కాంటాక్ట్స్ ఇవ్వాలా అని అడుగుతుంది, లొకేషన్ ఇవ్వాలా అని అడుగుతుంది. అలౌ, అలౌ అని నొక్కుకుంటూ పోతాం. తిట్టడానికి రాలేదు, కంగారు పడకండి. ఆ మాట వెనకాల ఒక లెక్క ఉంది కదా, "నా డేటాకి పెద్ద ఖరీదు ఉండదులే" అని, ఆ లెక్క నిజమా కాదా అన్నది చూద్దాం.

రెండు అంకెలు చెప్తాను. 2013 జూన్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక అమెరికాలో డేటా అమ్మే వ్యాపారుల రేట్లు సేకరించి అచ్చేసింది. ఒక మనిషి వయసెంత, ఆడా మగా, ఏ ఊరు, ఈ సమాచారం రేటు 0.0005 డాలరు. అప్పటి మారకంలో దాదాపు మూడు పైసలు. ఇది మొదటి అంకె. రెండోది: 2023 చివరి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌కి అమెరికా, కెనడాల్లో ఒక్కో యూజర్ మీద సగటున వచ్చిన ఆదాయం 68 డాలర్ల 44 సెంట్లు. సుమారు 5,700 రూపాయలు, అదీ మూడు నెలలకే. మూడు పైసలూ నిజమే, 5,700 రూపాయలూ నిజమే. మధ్యలో ఇంత దూరం ఎలా వచ్చింది? దానికి వెనక్కి వెళ్లాలి, చాలా వెనక్కి.

1833, న్యూయార్క్. కరెంటు బల్బు కూడా ఇంకా ఇళ్లలోకి రాని రోజులు. బెంజమిన్ డే అనే కుర్ర ప్రింటర్ ‘సన్’ అని ఒక పత్రిక పెట్టాడు. అక్కడి పెద్ద పత్రికలు ఆరు సెంట్లకి అమ్ముతుంటే ఈయన ఒక్క సెంటుకి అమ్మాడు. మరి ఖర్చు ఎలా తిరిగొస్తుంది? పాఠకుడి సెంటు మీద ఆయన ఆశ పెట్టుకోలేదు. ఇంతమంది నా పత్రిక చదువుతున్నారు అని చూపించి ప్రకటనదారుల దగ్గర వసూలు చేశాడు. చదివేవాడు తాను కొనేవాణ్ణి అనుకుంటాడు, నిజానికి అమ్ముడయ్యే సరుకు కూడా తనే. ఇవాళ మీ ఫోన్‌లో ఉన్న ఉచిత యాప్‌లలో చాలావాటికి ముత్తాత ఈ ఒక్క సెంటు పత్రిక.

కాకపోతే అప్పుడు అమ్మింది గుంపుని. గుంపులో ఎవరున్నారో డేకి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. గుంపుని చిన్న చిన్న ముక్కలు చేసి అమ్మడం తర్వాత వచ్చింది, అది మన ఇళ్లలోనే మనం చూశాం. తెలుగు దినపత్రికల్లో జిల్లా టాబ్లాయిడ్ గుర్తుందా? మెయిన్ పేపర్ మధ్యలో పెట్టి వేసేవాళ్లు. తెనాలిలో చీరల కొట్టు పెట్టుకున్నాయన రాష్ట్రమంతా ప్రకటన ఇవ్వలేడు, ఇచ్చినా శ్రీకాకుళం నుంచి ఎవరూ చీర కొనడానికి రారు. గుంటూరు జిల్లా పేజీలో అయితే ఇవ్వగలడు. ఊరిని బట్టి పాఠకుణ్ణి వేరు చేసి అమ్మడం అంటే అదే. ఇవాళ టార్గెటింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, మొలక అక్కడే ఉంది.

ఇంటర్నెట్‌కి వద్దాం. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో ఏటీ అండ్ టీ కంపెనీ బ్యానర్ ప్రకటన కనిపించింది. తొలి బ్యానర్లలో అందరూ గుర్తుపెట్టుకున్నది అదే. దాదాపు అదే సమయంలో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు ఒక చిన్న సమస్యతో కూర్చున్నాడు. వెబ్‌సైట్‌కి జ్ఞాపకం లేదు. మీరు ఒక పేజీలో చొక్కా ఎంచుకుని ఇంకో పేజీలోకి వెళ్తే, ఆ సైట్‌కి మీరు మళ్లీ కొత్త మనిషే. అందుకని మీ బ్రౌజర్‌లోనే ఒక చిన్న చీటీ దాచే పద్ధతి కనిపెట్టాడు. పేరు కుకీ. ఉద్దేశం మంచిదే, మీ బుట్టలో ఏముందో కొట్టు మర్చిపోకుండా ఉండటం.

కానీ ఆ చీటీని కొట్టువాడు మాత్రమే రాయాలని ఏం లేదు. పేజీలో బ్యానర్ వేరే కంపెనీ కంప్యూటర్ నుంచి వస్తుంది కదా, ఆ కంపెనీ కూడా తన చీటీ పెట్టుకోవచ్చు. అదే కంపెనీ వెయ్యి సైట్లకి బ్యానర్లు వేస్తుంటే? మీరు వెయ్యి సైట్లలో ఎక్కడ తిరిగినా ఆ ఒక్క చీటీయే గుర్తుపడుతుంది. డబుల్‌క్లిక్ అనే కంపెనీ పెరిగింది ఈ కిటుకు మీదే. 1999లో ఆ కంపెనీ అబాకస్ డైరెక్ట్ అనే ఇంకో కంపెనీని వంద కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొన్నది. అబాకస్ దగ్గర ఏముంది? పోస్టులో క్యాటలాగ్ చూసి సరుకులు తెప్పించుకున్న అమెరికా కుటుంబాల పేర్లు, చిరునామాలు, కొనుగోళ్ల చిట్టా. ఇటు పేరులేని చీటీ, అటు పేరున్న చిట్టా. రెండూ కలిపేస్తాం అన్నారు. దేశంలో గొడవ అయింది, ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ విచారణ మొదలుపెట్టింది, 2000 మార్చిలో డబుల్‌క్లిక్ వెనక్కి తగ్గింది.

ఆ గొడవ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. గూగుల్ 2007లో 310 కోట్ల డాలర్లకి డబుల్‌క్లిక్‌ని కొంటున్నట్టు ప్రకటించింది, మరుసటి ఏడాది కొనుగోలు పూర్తయింది. డబుల్‌క్లిక్ సమాచారాన్ని మీ గూగుల్ ఖాతాతో కలపం అని పాలసీలో ఒక వాక్యం ఉండేది. 2016లో ఆ వాక్యం పోయింది. 2000లో వీధికెక్కిన విషయం పదహారేళ్లకి ఒక పాలసీ సవరణగా వచ్చి, ఎక్కువమంది చూడకుండానే వెళ్లిపోయింది.

ఇప్పుడు నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం. 1999 ఫిబ్రవరి, కాలిఫోర్నియా. బిల్ గ్రాస్ అనే వ్యాపారి ఫ్రీ-పీసీ అనే కంపెనీ తరఫున ఒక ప్రకటన చేశాడు. పది వేల కాంపాక్ కంప్యూటర్లు ఉచితంగా ఇస్తాం, ఇంటర్నెట్‌తో సహా. బదులుగా మీ వయసు, ఆదాయం, కుటుంబం, ఇష్టాలు అన్నీ చెప్పాలి, స్క్రీన్ మీద ఒక పక్కన ఎప్పుడూ ప్రకటనలు కనిపిస్తూ ఉంటాయి. పది లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. చాలామంది నవ్వారు కూడా, ఇదేం పిచ్చి బేరం అని. ఆ ఏడాది చివరికే ఆ కంపెనీని ఇంకొకళ్లు కొనేశారు, పథకం మూలన పడింది.

నాకు మాత్రం అది నిజాయితీగా జరిగిన బేరం అనిపిస్తుంది. ఇస్తున్నది ఇది, తీసుకుంటున్నది ఇది అని బల్ల మీద పెట్టారు. మీ వివరాలకి, మీ కంటిచూపుకి ఒక కంప్యూటర్. ఇష్టమైతే తీసుకో, లేకపోతే పో. ఆ తర్వాత వచ్చిన వ్యాపారాల్లో ఇలా రేటు చీటీ కంటికి కనిపించేలా పెట్టింది దాదాపు ఎక్కడా చూడం.

ఫ్రీ-పీసీ ఎందుకు నిలవలేదో తెలియాలంటే అదే బిల్ గ్రాస్ పెట్టిన ఇంకో కంపెనీని చూడాలి. 1998లో గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైట్ మొదలుపెట్టాడు. అందులో సెర్చ్ మాటలనే వేలం వేశాడు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల లింకు పైన, జనం నొక్కితేనే డబ్బు. ఒకే మనిషి బుర్రలోంచి వచ్చిన రెండు వ్యాపారాలు ఇవి. ఒకటి మీరెవరో అడిగింది. రెండోది మీకు ఇప్పుడు ఏం కావాలో అడిగింది. గెలిచింది రెండోది. "నలభై ఏళ్ల మగవాడు, హైదరాబాద్, ఉద్యోగం" అనే సమాచారం చూసి ఏ హాస్పిటలూ ఎగిరి గంతేయదు. అదే మనిషి రాత్రి పదకొండింటికి "మోకాలి ఆపరేషన్ ఖర్చు ఎంత" అని వెతికాడనుకోండి, ఆ నిమిషానికి విలువ ఉంది. గూగుల్ 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టి, 2002లో క్లిక్‌కి వేలం పద్ధతిలోకి మారింది. తమాషా ఏంటంటే, 1998లో గూగుల్ స్థాపకులు రాసిన పరిశోధన పత్రంలోనే, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని హెచ్చరిక ఉంది.

2009 ప్రాంతం నుంచి వేలం సెర్చ్ మాటల దగ్గర ఆగలేదు, మనుషుల మీదికే వచ్చింది. మీరు ఒక న్యూస్ పేజీ తెరుస్తారు. పేజీ పూర్తిగా కనిపించేలోపు, సెకనులో పదో వంతు టైంలో, మీ ఫోన్ మోడల్, ఎక్కడున్నారు, ఏం చదువుతున్నారు, మీ యాడ్ నంబర్ ఏంటి, ఇవన్నీ ఒక చీటీగా బోలెడు కంపెనీలకి వెళ్తాయి. ఒక్కొక్కళ్లూ పాట పాడతారు. గెలిచినవాడి ప్రకటన మీకు కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, అదే గోల, కాకపోతే శబ్దం ఉండదు. కానీ యార్డులో రైతు తన బస్తాల పక్కనే నిలబడతాడు. రేటు వింటాడు. నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీకి తోలుకుపోతాడు. ఇక్కడ సరుకు మనదే అయినా పాట మనకి వినపడదు, డబ్బు వెబ్‌సైట్‌కీ మధ్య దళారులకీ పోతుంది. ఇంకో తేడా కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. మిర్చి పాటలో ఓడినవాడు చేతులు ఊపుకుంటూ వెళ్లిపోతాడు. ఇక్కడ ఓడినవాడి దగ్గరికి కూడా మీ చీటీ వెళ్లింది కదా.

ఇప్పుడు ఆ మూడు పైసలు ఎందుకు మూడు పైసలో చూడండి. అదే ఫైనాన్షియల్ టైమ్స్ లెక్కలో, కారు కొనబోతున్నాడని తెలిస్తే రేటు 0.0021 డాలరు, పన్నెండు పైసలు. గర్భంతో ఉన్న స్త్రీ అని తెలిస్తే 11 సెంట్లు, ఆరు రూపాయల పైన. ఫలానా జబ్బు ఉన్నవాళ్ల జాబితా అయితే ఒక్కో మనిషికి 26 సెంట్లు, పదిహేను రూపాయలు. అంటే మనిషి జీవితంలో ఏదో మారబోతున్న సమయం వస్తే రేటు పెరుగుతుంది. ఉయ్యాల, పాలడబ్బా, డైపర్లు, బీమా, ఇన్ని కొనబోయే ఇల్లు అది. వ్యాపారి కొనేది మన కబుర్లని కాదు, మనం పర్సు తీయబోతున్నామన్న అంచనాని.

అంచనా అన్నాను కదా, అది ప్రతిసారీ కరెక్ట్‌గా ఉండక్కర్లేదు కూడా. ఒక కంపెనీ యాడ్ సెట్టింగ్స్‌లో నా గురించి ఏం రాసుకుందో చూశాను. వాళ్ల లెక్కలో నాకు సొంత ఇల్లు ఉంది. మా ఓనర్‌కి చెప్తే సంతోషిస్తాడు. నా ఒక్కడి విషయంలో తప్పయినా వాళ్లకి నష్టం లేదు, లక్ష మందిలో సగం కంటే కాస్త ఎక్కువ మందిని కరెక్ట్‌గా పట్టుకుంటే ఆ జాబితా అమ్ముడవుతుంది. ఒక్క నీటిచుక్కకి రేటు కట్టలేం, చెరువుకి కట్టగలం. "నా డేటా నేనే అమ్ముకుంటాను" అని వచ్చే యాప్‌ల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. మీ చుక్క మీరు తీసుకెళ్తే చేతికి వచ్చేది చిల్లరే.

మరి ఫేస్‌బుక్ 5,700 రూపాయలు? అది మీ వివరాల రేటు కాదు. మూడు నెలలపాటు రోజూ మీరు వేలితో స్క్రోల్ చేసిన సమయం, ఆ సమయంలో ఎవరికి ఏది చూపించాలో తెలియడం, చూపించాక మీరు కొన్నారో లేదో వ్యాపారికి రుజువు చూపించగలగడం, ఈ మూడూ కలిసిన రేటు. అదే మూడు నెలల్లో ఆసియా పసిఫిక్ దేశాల్లో ఒక్కో యూజర్ మీద వచ్చింది 5 డాలర్ల 52 సెంట్లు, సుమారు 460 రూపాయలు. జపాన్, ఆస్ట్రేలియా కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి మన ఒక్క దేశం లెక్క ఇంకా కిందే ఉంటుందని నా అంచనా. విజయవాడ అబ్బాయి చదువుకోవడానికి డల్లాస్ వెళ్లాడనుకోండి. అదే అబ్బాయి, అవే సినిమా పాటలు, అవే క్రికెట్ క్లిప్పులు. రేటు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. డేటా మారలేదు, జేబు మారింది. ఈ వీడియోకైనా అంతే, మీరు డల్లాస్‌లో చూస్తే వచ్చే యాడ్ డబ్బు గుంటూరులో చూస్తే రాదు.

ఆ డబ్బులో డేటా వాటా ఎంత? దీని మీద పండితుల్లోనే గొడవ ఉంది. 2019లో ఒక అమెరికన్ అధ్యయనం, కుకీ ఉంటే వెబ్‌సైట్ ఓనర్‌కి వచ్చే ఆదాయం నాలుగు శాతమే ఎక్కువ అని తేల్చింది. 2020లో అచ్చయిన ఇంకో అధ్యయనం, ట్రాకింగ్ వద్దన్న యూజర్లకి చూపించే ప్రకటనకి 52 శాతం తక్కువ పలుకుతోందని చెప్పింది. నాలుగెక్కడ, యాభై రెండెక్కడ! లెక్క కట్టిన పద్ధతి వేరు, చూసిన సైట్లు వేరు. నన్నడిగితే ఈ తగువుకి దగ్గరి సమాధానం పరిశోధకుల నుంచి కాదు, యాపిల్ నుంచి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌లో ఒక ప్రశ్న పెట్టారు, ఈ యాప్ మిమ్మల్ని వేరే యాప్‌లలో కూడా వెంబడించవచ్చా అని. చాలామంది వద్దన్నారు. 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సొంతదారు మెటా, దీనివల్ల ఆ ఏడాది మాకు సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని చెప్పింది. మరుసటి రోజు షేరు 26 శాతం పడింది. విలువ లేని వస్తువు చేజారితే ఇంత నష్టం రాదు కదా. ఆండ్రాయిడ్ వాళ్ల కోసం చెప్తున్నాను, సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్తే అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఫోన్‌ని బట్టి దారి కొంచెం మారవచ్చు.

రేటు చీటీ మళ్లీ స్క్రీన్ మీద కనిపించింది 2023 నవంబరులో, యూరప్‌లో. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు లేకుండా కావాలంటే వెబ్‌లో నెలకి 9.99 యూరోలు కట్టండి, లేదా ట్రాకింగ్‌కి ఒప్పుకోండి అంది మెటా. ఫ్రీ-పీసీ తిరగబడింది చూశారా? అప్పుడు డేటా ఇస్తే మనకి కంప్యూటర్ ఇచ్చారు. ఈసారి డేటా ఇవ్వకపోతే మనమే డబ్బు కట్టాలన్నారు. ఆ బేరం ఒప్పుకోం అని యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మన దేశం సంగతికి వస్తే వాట్సాప్‌తోనే మొదలుపెట్టాలి. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకి కొంటామంది. అప్పటికి వాట్సాప్ వాడేవాళ్లు 45 కోట్లు. భాగించి చూడండి, తలకి 42 డాలర్లు, అప్పట్లో రెండు వేల ఆరొందల రూపాయలు. ప్రకటనలే లేని యాప్‌కి! 2021 జనవరిలో కొత్త పాలసీ వచ్చింది, ఒప్పుకోమని అడిగింది. ఒప్పుకోక ఏం చేస్తాం, ఫ్యామిలీ గ్రూపు అందులోనే ఉంది. ఆ పాలసీ మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకి 213 కోట్ల 14 లక్షల జరిమానా వేసింది. 2025 జూన్‌లో వాట్సాప్ స్టేటస్ దగ్గర ప్రకటనలు తెస్తున్నామని కంపెనీ ప్రకటించింది. 2014లో కట్టిన 42 డాలర్లు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంతవరకు నేను చెప్పిందంతా కొనేవాడి రేటు. పోగొట్టుకున్నవాడి రేటు వేరే ఉంటుంది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. అయిదు వేలు, పది వేలు అప్పు ఇచ్చేముందు ఆ యాప్‌లు కాంటాక్ట్ లిస్ట్ మొత్తం తీసుకున్నాయి. ప్రకటనల బజారులో ఆ లిస్టుకి పలికేది చిల్లర. వాయిదా తప్పాక అదే లిస్టులోని అత్తకి, బాబాయికి, ఆఫీసులో సార్‌కి ఫోన్లు వెళ్లాయి, దొంగ అని రాసి ఫొటోలు పంపారు. పరువు పోయిందని కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోల జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నా కాంటాక్ట్స్‌తో వాళ్లేం చేసుకుంటారు అన్న మాటకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

అది మన ఒక్కళ్ల సొంత సంగతి కూడా కాదు. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో, ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం, ఆ క్విజ్ యాప్ వేసుకున్న భారతీయులు 335 మంది. దాని వల్ల డేటా పోయి ఉండవచ్చన్నవాళ్లు 5,62,455 మంది. వాళ్లలో ఎక్కువమంది ఏదీ నొక్కలేదు, వాళ్ల ఫ్రెండ్స్ నొక్కారు. అమెరికాలో యూజర్లు కేసు వేస్తే మెటా 72.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకి సగటున సుమారు 30 డాలర్లు వచ్చాయి. ఆ రాజీ అమెరికా యూజర్లకే. మన అయిదున్నర లక్షల మందికి అందులో వాటా లేదు.

మన చట్టం ఏం చెప్తోంది? ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి కంపెనీలకి 18 నెలల గడువు ఇచ్చారు. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల దాకా. పెద్ద అంకే. ఆ డబ్బు ఎక్కడికి పోతుందని చట్టంలో వెతికితే, 34వ సెక్షన్‌లో ఉంది, కన్సాలిడేటెడ్ ఫండ్ ఆఫ్ ఇండియాకి, అంటే ప్రభుత్వ ఖజానాకి. ఎవరి వివరాలు బయటికి పోయాయో ఆ మనిషికి పరిహారం ఇవ్వాలన్న సెక్షన్ ఇందులో లేదు. పాత ఐటీ చట్టంలో 43ఎ అని ఒకటి ఉంది, కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లు పరిహారం అడగడానికి. దాన్ని తీసేయమని ఈ కొత్త చట్టమే రాసింది.

43ఎ కింద ఎవరు ఏం అడగగలిగేవాళ్లు అన్నది పెద్ద కథ, దానికి వేరే ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను.